ముందు కుంగిన బండి: బోల్టు తిప్పే ముందు

(వార్షిక సమావేశంలో షువైఖ్ గ్యారేజీల తెలుగు మెకానిక్‌ల తరఫున చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

 

మేము షువైఖ్‌లో వేరువేరు గ్యారేజీల్లో పనిచేసే ఏడుగురం. నలుగురం కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళం. ఇద్దరిది గోదావరి వైపు. ఒకరిది జగిత్యాల. మాలో ఎవరికీ మైకు అలవాటు లేదు. అందుకే నిన్న రాత్రి రూములో కూర్చుని అందరం కలిసి కాగితం మీద రాసుకొచ్చాం. చదివేది ఒకరే, మాట మాత్రం ఏడుగురిదీ.

పోయిన ఏడాదంతా మమ్మల్ని ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, పాత పికప్పు. ముందు కుంగిపోయింది. కొంచెం పైకి లేపి గట్టి చేయొచ్చా?" వఫ్రా తోటల్లో పనిచేసేవాళ్ళు అడిగారు, అబ్దలీ నుంచి అడిగారు, జాఖూర్లలో గొర్రెల దగ్గర ఉండేవాళ్ళు అడిగారు, నీళ్ళ ట్యాంకీలు తోలేవాళ్ళు, ఏసీ పనివాళ్ళు అడిగారు. ఇక్కడివాళ్ళు వానేట్ అని పిలిచే ఈ బండి లేకపోతే మనలో సగం మందికి పనే లేదు. కాబట్టి దీని గురించి చెప్పమని వేదికవాళ్ళు అడిగితే సరే అన్నాం. ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ముందు చెప్పేస్తాం, లేకపోతే మిగతాది చెప్పే అర్హత మాకు లేదు.

రెండేళ్ళ కిందట, చలికాలంలో, ఒక తోట యజమాని తన పాత పికప్పును మాలో ముగ్గురం పనిచేస్తున్న గ్యారేజీకి తెచ్చాడు. ఎడారిలో గుడారాలు వేసుకునే రోజులు అవి. ఇసుకలోకి పోవాలి, ముందు భాగం నేలకి తగులుతోంది, పైకి లేపండి అన్నాడు. బండి తోలేవాడు మనవాడే, రాజంపేట దగ్గరి అబ్బాయి. యజమాని లోపల మా మేనేజరుతో చాయ్ తాగుతుంటే అతను మా దగ్గరికి వచ్చి, "అన్నా, మలుపు తిప్పేటప్పుడు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది, ఒకసారి చూడరా" అన్నాడు. మేము చూడలేదు. ఆ రోజు ముందు ఇంకా ఐదు బండ్లు ఉన్నాయి. యజమాని చెప్పింది లేపమని, చూడమని కాదు. జాకీ వేశాం, రెండు బోల్టులు తిప్పాం, బండి లేచింది. ఇరవై నిమిషాల పని. యజమానికి బాగుంది, డబ్బులిచ్చాడు, వెళ్ళిపోయారు.

మూడు నెలల తర్వాత అదే అబ్బాయి వెనకాల నీళ్ళ ట్యాంకీతో తోట గేటు లోపలికి తిరుగుతుంటే ఎడమ ముందు చక్రం బాల్ జాయింటు ఊడి, చక్రం పక్కకి పడుకుంది. గేటు దగ్గర కాబట్టి వేగం లేదు. బండి గేటు స్తంభానికి కొట్టుకుంది. అతనికి మణికట్టు విరిగింది, అంతటితో పోయింది. పది నిమిషాల ముందు అతను పెద్ద రోడ్డు మీద వంద స్పీడులో ఉన్నాడు.

ఆ తర్వాత యజమాని, "నువ్వే గుంతలో దించి పాడు చేశావు, రిపేరు డబ్బులు జీతంలో పట్టుకుంటా" అన్నాడట. అబ్బాయి మాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "అన్నా, ఆ రోజు నేను మీకు చెప్పాను కదా, ఆ మాట ఒక్కసారి మా అర్బాబుకి చెప్తారా" అని అడిగాడు. మేము వెళ్ళి చెప్పాం. ఊడిన జాయింటు చేతిలో పెట్టి చూపించాం, గిన్నె లోపల ఎంత అరిగిందో, రబ్బరు తొడుగు చినిగి లోపల ఇసుక ఎలా పట్టిందో చూపించాం. అది ఒక గుంతతో అయ్యేది కాదు, నెలల తరబడి అరిగింది. ఆ పెద్దమనిషి విన్నాడు, జీతం పట్టుకోలేదు. కానీ ఆ రోజు ఆ ఇనుప ముక్క చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు మాకెట్లా ఉందో మాకే తెలుసు.

బోల్టు తిప్పడం వల్లే ఊడింది అనలేం. అరిగిన జాయింటు ఎలాగూ ఊడేదే. కానీ చక్రం విప్పి ఐదు నిమిషాలు చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆ ఐదు నిమిషాల సంగతే ఇవాళ మా మాట అంతా.

ఇంతకీ ఆ బోల్టు ఏమిటో చూద్దాం. పాత పికప్పుల్లో చాలావాటికి, అంటే 2005కి ముందు వచ్చిన హైలక్స్‌లలో ఎక్కువవాటికి, అలాగే నిస్సాన్, మిత్సుబిషి పాత పికప్పుల్లో చాలావాటికి, ముందు చక్రాల దగ్గర చుట్టల స్ప్రింగు కనిపించదు. స్ప్రింగే లేదేమో అనుకుంటారు. ఉంది. బండి కింద పడుకుని చూస్తే, చక్రం దగ్గరి ఆర్ము నుంచి వెనక్కి, ఛాసిస్‌కి సమాంతరంగా, పొడుగ్గా ఒక ఉక్కు కడ్డీ పోతుంటుంది. అదే టోర్షన్ బార్. ముందు కొస ఆర్ముకి, వెనక కొస ఛాసిస్ అడ్డ దూలానికి పట్టి ఉంటుంది. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా ఆ కడ్డీ తడి తువ్వాలు పిండినట్టు మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ మెలికే స్ప్రింగు. నిజానికి చుట్టల స్ప్రింగులో కూడా తీగ చేసేది ఆ పనే, మెలి తిరగడమే. దీన్ని చుట్టకుండా నిటారుగా ఉంచారు, అంతే. (నాలుగు చక్రాల డ్రైవు ఉన్న కొన్ని పాత బండ్లకి ముందు కూడా కమాను పట్టీలే ఉంటాయి. వాటి కథ వేరు.)

ఈ కడ్డీ వెనక కొసకి చిన్న చెయ్యి లాంటి ముక్క ఉంటుంది, దాన్ని నెట్టే పొడుగు బోల్టు ఉంటుంది. బోల్టు బిగిస్తే బండి ముందు భాగం లేస్తుంది, వదిలితే దిగుతుంది. పైసా ఖర్చు లేని పని కాబట్టి అందరికీ దీని మీదే కన్ను. "బోల్టు బిగించాం, స్ప్రింగు గట్టిపడింది" అనుకుంటారు. గట్టిపడలేదు. కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు పెడితే కుర్చీ ఎత్తు పెరుగుతుంది గానీ కాళ్ళకి బలం రాదు కదా, ఇదీ అంతే. కడ్డీ అదే కడ్డీ. దాని బిగువు దాని లావును, పొడుగును బట్టి ఉంటుంది. బోల్టు మార్చేది ఎత్తును మాత్రమే.

మరి గతుకు ఎక్కువ ఎందుకు తగులుతుంది లేపిన తర్వాత? చక్రం పైకి పోవడానికి ఎంత చోటు కావాలో, గుంత వచ్చినప్పుడు కిందికి దిగడానికీ అంత చోటు కావాలి. బండిని లేపేకొద్దీ ఆర్ములు కిందికి వాలి, కిందికి దిగే చోటు తగ్గిపోతుంది. చివరికి ఆర్ము ఆగే రబ్బరుకి ఆనుకునే దాకా వస్తుంది. అప్పుడు చిన్న గుంత వచ్చినా చక్రం దిగడానికి చోటు లేక టక్కున కొడుతుంది. డ్రైవరు "గట్టిగా ఉంది" అనుకుంటాడు. అది గట్టితనం కాదు. పైగా బాల్ జాయింట్లు రోజంతా వంకర కోణంలో పనిచేయాల్సి వస్తుంది, వాటి రబ్బరు తొడుగులు సాగుతాయి. నాలుగు చక్రాల డ్రైవు బండైతే ముందు యాక్సిల్ జాయింట్ల మీద కూడా ఆ కోణం పడుతుంది. అలైన్‌మెంటు సరే సరి, మొత్తం మారిపోతుంది. టైరు ఒక అంచున గొరిగినట్టు అరుగుతుంది, హైవే మీద స్టీరింగు నిలవదు.

ఇంకో సంగతి, ఇది మాకు ఆ అబ్బాయి బండితో అర్థమైంది. ముందు భాగం కుంగడం అనేది బండి చెప్పే మాట. బుష్‌లు నలిగిపోయాయనో, కడ్డీ ఏళ్ళ తరబడి బరువు మోసి అలసిందనో, ఎక్కువ లోడు వేస్తున్నారనో అది చెప్తోంది. బోల్టు తిప్పి లేపేస్తే ఆ మాట మనకి వినపడకుండా చేసినట్టు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన ఊళ్ళలో అంటారు. ఆ సంగీతం వింటున్నంత కాలం నయమే, ఎక్కడో ఏదో కావాలని బండి అడుగుతోంది. మేము చేసింది బండి నోరు మూయడం.

ఇక ఆ ఐదు నిమిషాల సంగతి. ఇది మెకానిక్ కానివాళ్ళు కూడా చేయొచ్చు, ఇద్దరు మనుషులు కావాలి. ముందు బండిని గట్టి నేల మీద నిలిపి, నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ తోలి, ముందు బంపరు మీద రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదలండి. ఇలా చేయకపోతే ఆర్ములు తమ చోటుకి రావు, కొలత తప్పుతుంది. తర్వాత చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి, రెండు వైపులా. ఒక సెంటీమీటరు దాటి తేడా ఉంటే మేము ఊరుకోం, కారణం వెతుకుతాం. నొక్కి వదిలినప్పుడు బండి ఒకసారి లేచి ఆగిందా, రెండు మూడుసార్లు ఊగిందా చూడండి. ఊగితే షాకబ్జర్లు పోయినట్టే. ఊగకపోయినంత మాత్రాన బాగున్నాయని కాదు, నూనె కారిన మరకలు కూడా చూడాలి.

ఇప్పుడు జాకీ. ఇక్కడే చాలామంది మెకానిక్‌లు కూడా పొరపడతారు. టోర్షన్ బార్ కింది ఆర్ముకి పట్టి ఉన్న బండిలో, జాకీని ఛాసిస్ కింద పెట్టి లేపితే కడ్డీ బలం ఆర్మును కిందికి నెడుతూ బాల్ జాయింటును బిగబట్టి ఉంచుతుంది. ఎంత ఊపినా ఆట తెలియదు. "బాగుంది" అని దింపేస్తారు. జాకీని కింది ఆర్ము కింద, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అప్పుడు జాయింటు మీద బిగువు తగ్గి అసలు సంగతి బయటపడుతుంది. కొన్ని బండ్లలో కడ్డీ పై ఆర్ముకి ఉంటుంది. వాటికి పద్ధతి వేరు, ఆ బండ్లు మా దగ్గరికి తీసుకురండి.

చక్రం నేల నుంచి రెండు వేళ్ళు లేచాక ఒకరు చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపాలి. ఇంకొకరు టార్చి వేసి జాయింట్ల వంక చూడాలి. తర్వాత ఒక పొడుగు ఇనుప కడ్డీని టైరు కింద పెట్టి మెల్లగా పైకెత్తాలి. చక్రం కదిలి ఆర్ము కదలకపోతే, ఆ మధ్యలో ఉన్న జాయింటు పోయినట్టు. ఊపినప్పుడు ఆట కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది చక్రం బేరింగు, అప్పటికీ ఉంటే బాల్ జాయింటు. చేతులు అటూ ఇటూ, అంటే గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పెట్టి ఊపితే స్టీరింగు రాడ్ల చివర్లు, ఐడ్లర్ ఆర్ము బయటపడతాయి. పాత పికప్పుల్లో ఈ ఐడ్లర్ ఆర్మును ఎవరూ పట్టించుకోరు. స్టీరింగు ఖాళీగా తిరుగుతోందంటే సగం సార్లు దొంగ అదే.

ఒక్క మాట, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టొద్దు. ఛాసిస్ కింద స్టాండు పెట్టండి, లేకపోతే గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. తీసిన చక్రాన్ని కూడా ఛాసిస్ కిందికి తోసి ఉంచండి. సిమెంటు ఇటుకలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

బుష్‌ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఎండ వాటి మీదే ముందు కసి తీర్చుకుంటుంది. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, అదీ నీడలో కొలిచిన గాలి వేడి. తారు రోడ్డు మీద, ఇంజను పక్కన రబ్బరు పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. రబ్బరు ఎండి, పగిలి, నలిగిపోతుంది. ఆర్ము ఉండాల్సిన చోటు నుంచి జరుగుతుంది, బండి కుంగుతుంది, అలైన్‌మెంటు ఎన్నిసార్లు చేయించినా నెలకే పోతుంది. అలాంటప్పుడు అలైన్‌మెంటుకి మళ్ళీ డబ్బు పెట్టడం దండగ, ముందు బుష్‌లు మార్చాలి.

మార్చేటప్పుడు చాలా గ్యారేజీల్లో ఒక తప్పు జరుగుతుంది. మేమూ నేర్చుకునే రోజుల్లో చేశాం. బండి గాల్లో ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే ఆర్ము బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి దింపగానే ఆర్ము పైకి తిరుగుతుంది, బిగిసిన రబ్బరు మెలి పడి ఆ మెలికలోనే బతకాల్సి వస్తుంది. ఏళ్ళు రావాల్సిన బుష్ నెలల్లో చినుగుతుంది. వదులుగా పెట్టి, బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయాలి. కింద పడుకుని చేయాలి కాబట్టి కష్టం, అందుకే చేయరు. మీరు పక్కన నిలబడి అడగండి. "దించి బిగించు భాయ్" అంటే చాలు, పని తెలిసినవాడు మీ వైపు ఒకసారి చూసి బిగిస్తాడు. పాలియురెథేన్ బుష్‌లని ఎర్రవి, పచ్చవి వస్తున్నాయి. నూనెకి, వేడికి రబ్బరు కన్నా బాగా ఆగుతాయి. కానీ గతుకు ఎక్కువ తెలుస్తుంది, గ్రీజు తగ్గితే కీచుమంటాయి. రోజంతా తారు రోడ్డు మీదే తిరిగే బండికి మా ఓటు మామూలు కంపెనీ రబ్బరుకే.

షాకబ్జర్లు బరువు మోయవు. ఇది గుర్తు పెట్టుకోండి. కొత్త షాకబ్జర్లు వేస్తే కుంగిన బండి లేవదు. అవి స్ప్రింగు ఊపును ఆపేవి మాత్రమే. కానీ మన తోట దారుల్లో, గచ్ మట్టి మీద చక్కీ పలక లాగా వరసగా గతుకులు పడిన దారుల్లో, వాటి పని చాలా ఎక్కువ. అలాంటి దారిలో పది, పదిహేను కిలోమీటర్లు ఆగకుండా తోలితే లోపలి నూనె కాగి నురగ అవుతుంది, అప్పుడు ఊపు ఆపే బలం పోతుంది. చక్రం నేలని వదిలి గెంతుతుంది, బ్రేకు పట్టదు. గ్యాసు ఒత్తిడి నింపిన షాకబ్జర్లలో ఆ నురగ ఆలస్యంగా వస్తుంది. ముందు భాగంలో మొదటి అప్‌గ్రేడు ఏది చేయాలి అని అడిగితే, జాయింట్లు, బుష్‌లు బాగున్న బండికి మేము చెప్పేది ఇదే: రెండు వైపులా ఒకే రకం, బండికి సరైన పొడుగున్న మంచి గ్యాసు షాకబ్జర్లు, వాటితో పాటు ఆర్ము ఆగే కొత్త రబ్బర్లు. ఆ రబ్బర్లు ఎవరూ అడగరు. ధర తక్కువ, మేలు ఎక్కువ.

అప్పుడు కూడా ముందు బరువు నిజంగా ఎక్కువగా ఉంటే, అంటే ముందు ఇనుప బంపరో, విన్చో శాశ్వతంగా బిగించి ఉంటే, లావు టోర్షన్ బార్ల మాట ఎత్తాలి. ఇక్కడ లెక్క కొంచెం విచిత్రం. కడ్డీ లావు పదో వంతు పెరిగితే బిగువు పదో వంతు పెరగదు, దాదాపు 46 శాతం పెరుగుతుంది. కాబట్టి "ఇంకాస్త లావుది వేయి" అనే మాట తేలిక కాదు. బరువు లేని బండికి లావు కడ్డీ వేస్తే చక్రం రోడ్డుని పట్టుకోదు, నడుము నొప్పి డ్రైవరుకి. అది మన నడుమే.

కడ్డీలు మార్చడం మాత్రం రూము ముందు చేసే పని కాదు. మెలి పెట్టిన కడ్డీలో ఉన్న బలం మనిషి చెయ్యి విరవడానికి చాలు. బోల్టు పూర్తిగా వదిలి, బలం తీసేశాకే కడ్డీ లాగాలి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. వాటిని ఒక్క వైపు మెలి కోసమే తయారు చేస్తారు, తారుమారు చేస్తే విరుగుతాయి. తీసే ముందు పళ్ళు ఎక్కడ కూర్చున్నాయో పెయింటుతో గీత పెట్టాలి, బోల్టు ఎంత బయట ఉందో కొలిచి రాసుకోవాలి. కడ్డీ మీద సుత్తి దెబ్బ, గ్రైండరు గీత, వెల్డింగు ఏదీ పడకూడదు. చిన్న గాటు చాలు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. తుక్కు యార్డుల నుంచి తెచ్చిన పాత కడ్డీ అయినా, ఆర్మయినా శుభ్రం చేసి గీతలు లేవని చూసుకుంటే వాడుకోవచ్చు. బాల్ జాయింటు, బుష్, షాకబ్జరు మాత్రం తుక్కులో కొనొద్దు. ఆ బండి అక్కడికి ఎందుకు వచ్చిందో మనకి తెలియదు కదా. ఊగుతున్న జాయింటుకి నాలుగు వెల్డింగు చుక్కలు పెట్టి పంపేవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి బండి స్టీరింగు పట్టుకోవద్దు.

ఎత్తు విషయంలో మా పద్ధతి ఇప్పుడిది. కుంగిన బండిని దాని పాత ఎత్తుకి తెస్తాం. అంతకు మించి రెండు వేళ్ళ మందం దాటి బోల్టుతో లేపం. ఇంకా కావాలంటే జాయింటు కోణాన్ని సరిచేసే వేరే పై ఆర్ములు వేసుకోవాలి, ఆ ఖర్చు పెట్టలేని యజమానికి ఆ ఎత్తు అక్కర్లేదు. లేపిన ప్రతి బండికీ అలైన్‌మెంటు, హెడ్‌లైటు చూపు సరిచేయడం తప్పనిసరి. ఎత్తు, టైరు సైజు ఇష్టం వచ్చినట్టు మార్చిన బండి పాసింగులో ఆగవచ్చు, రోడ్డు మీద పట్టుబడవచ్చు. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చింది, జరిమానాలు పాత రోజుల్లా లేవు. దఫ్తర్ యజమాని పేరున ఉంటుంది, స్టీరింగు మన చేతిలో ఉంటుంది. కాబట్టి యజమాని మాట లేకుండా మీరుగా ఏదీ మార్పించకండి.

లోడు సంగతి చెప్పకుండా దిగితే సగం మాటే అవుతుంది. నీళ్ళు లీటరుకి ఒక కిలో. వెయ్యి లీటర్ల ట్యాంకీ నింపితే నీళ్ళే ఒక టన్ను, ట్యాంకీ, ఇనుప చట్రం, మోటారు, వెనక ఎక్కిన ఇద్దరు మనుషులు అదనం. మామూలు పికప్పు మోయాల్సింది దాదాపు ఒక టన్ను, కొన్నిటికి అంతకంటే తక్కువే. దఫ్తర్‌లో, డోరు దగ్గర పలక మీద ఏముందో చూసుకోండి. ముప్పావు వంతు నింపి ఇంకో ట్రిప్పు కొట్టడం మంచిది. సగం నింపిన నీళ్ళు మలుపుల్లో ఊగుతాయి, అందుకని అప్పుడు ఇంకా మెల్లగా పోవాలి. బరువు వెనక ఇరుసుకి అవతల, డాలా చివర ఉంటే ముందు భాగం తేలిపోయి స్టీరింగు తేలికవుతుంది. "స్టీరింగు పువ్వులా తిరుగుతోంది" అని సంతోషించకండి, ముందు చక్రాలు రోడ్డుని వదిలేస్తున్నాయని అర్థం. కొందరు వెనక కమాను పట్టీలు రెండు ఎక్కువ వేయించి బండి ముక్కు దించుకుని తిరుగుతారు. ముందు కుంగిందని మా దగ్గరికి వస్తారు. ముందు ఏమీ కుంగలేదు, వెనక లేచింది, అంతే.

ఇప్పుడు యజమానికి చెప్పడం. ఇది ఇనుము కన్నా కష్టమైన పని, మాకూ తెలుసు. ఖాదిం వీసా మీద ఉన్నవాళ్ళకి మరీ కష్టం. "బండి బాగోలేదు" అంటే "నీకు పని ఇష్టం లేదు" అని వినపడుతుంది వాళ్ళకి. మేము చూసినంతలో పనిచేసేది ఒకటే, మాటగా చెప్పకుండా చూపించడం. చక్రం ఊగుతుంటే ఫోన్లో పది సెకన్ల వీడియో తీయండి. చినిగిన రబ్బరు ఫొటో తీయండి. వాట్సాప్‌లో పంపి, కింద అరబీలోనో ఇంగ్లీషులోనో ఒక్క వాక్యం రాయండి, "ముందు చక్రం జాయింటు పోయింది, ఊడిపోవచ్చు, రిపేరు చేయించండి" అని. రాయడం రాకపోతే వాయిస్ మెసేజి పెట్టండి. తేదీ దానంతట అదే పడుతుంది. ఆ అబ్బాయి దగ్గర అలాంటిదేదీ లేదు, మేము వెళ్ళి చెప్పకపోతే అతని మాటకి సాక్ష్యమే లేదు. ఆ మెసేజి తుడిచేయకండి. జీతం పట్టుకుంటామంటే ఊరికే సంతకం పెట్టొద్దు, చదివించుకుని పెట్టండి. 18 వీసావాళ్ళకి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఉంది, ఇంటిపనివాళ్ళకి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. మీ కాగితం ఏ చట్టం కిందికి వస్తుందో మన వేదిక ఆఫీసులో అడిగితే చెప్తారు, ఆ విషయంలో మాకన్నా వాళ్ళు తెలిసినవాళ్ళు.

మెకానిక్ తమ్ముళ్ళు ఇక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. మీకు ఒక మాట. డ్రైవరు పక్కకి వచ్చి "టక్కుమంటోంది" అంటే అది వినండి. బండి గురించి యజమానికన్నా అతనికే ఎక్కువ తెలుసు. మేమిప్పుడు జాయింట్లు చూడకుండా లేపే బోల్టు ముట్టుకోం. ఆట ఉంటే ఆ సంగతి జాబ్ కార్డు మీద రాసి యజమాని సంతకం తీసుకుంటాం. ఒకరిద్దరు కస్టమర్లు విసుక్కుని వేరే గ్యారేజీకి పోయారు. మా మేనేజరు మొదట్లో గొణిగాడు, ఇప్పుడు ఆయనే రాయమంటున్నాడు.

వచ్చే నెల మొదటి శుక్రవారం ఉదయం, ఎండ ముదరక ముందే, వేదిక వాళ్ళు చూపించే ఖాళీ స్థలంలో మేము ఏడుగురం ఉంటాం. పికప్పులు తెచ్చుకోండి. చూసినందుకు డబ్బులు లేవు, అక్కడ రిపేరు కూడా చేయం, ఏం పోయిందో ఏం బాగుందో కాగితం మీద రాసిస్తాం. ఆ కాగితం మీ యజమానికి ఇవ్వండి. బండిలో లోడు లేకుండా రండి, దఫ్తర్ కాపీ తెండి, మీ జాకీ, పానా కూడా తెండి. చాలామంది జాకీలు సీటు వెనక తుప్పు పట్టి ఉంటాయి, వాటినీ ఒకసారి చూస్తాం. రాజంపేట అబ్బాయి కూడా వస్తానన్నాడు. మణికట్టు కుదిరింది, ఇప్పుడు వేరే తోటలో ఉన్నాడు, ఆ రోజు టార్చి పట్టుకునే పని తనదే అన్నాడు.